ఖాజా సార్ సుద్దచుక్క

షాబాద్ బండ మీద సుద్దముక్క కీచుమంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నిన్న నా బిడ్డ తొక్కుడుబిళ్ల ఆటకు గళ్ళు గీస్తుంటే ఆ చప్పుడు విని, చేతిలో పని వదిలేసి నిలబడిపోయాను. ఖాజా సార్ గుర్తొచ్చారు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు డిగ్రీ ముగించి, అచ్చంపేటలో ఆయన టైపు దుకాణంలో చేరాను. భూమి కాగితాల్లో హద్దులు రాసే ఇంగ్లీషు పాతకాలంది. దెన్స్, వెన్స్, విథర్ లాంటి, ఈ రోజుల్లో ఎవరూ వాడని మాటలు. మిగతా దుకాణాలు వాటిని ఎప్పుడో తీసేశాయి. నేను నవ్వితే సార్ ముఖం ముడుచుకున్నారు. "నవ్వకు బిడ్డా. గీ మాటలకు కాళ్ళుంటయి. దెన్స్ అంటే ఆడికెల్లి అని. ఆడ నిలవడకుంట ఆడికెల్లి ఎట్ల పోతవ్?"

అందుకే ఆయన దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. షాబాద్ బండల నేల మీద సుద్దతో చుక్క పెట్టి, భూమి గలవాళ్ళను దాని మీద నిలబెట్టేవారు. కాగితంలో దెన్స్ వచ్చిన ప్రతిచోటా 'అక్కడి నుంచి' అని తెలుగులో చెప్పి, పది గజాలకు ఒక అడుగు లెక్కన నడిపించేవారు. చివరికి మనిషి మళ్ళీ చుక్క మీదికి రావాలి. రాకపోతే ఆ కాగితం ఇచ్చేవారు కాదు.

ఒక శుక్రవారం సార్ నమాజుకు వెళ్ళినప్పుడు ఎల్లమ్మ, ఆమె మరిది వచ్చారు. భర్త పోయాక పొలం పంచుకుంటున్నారు. చిత్తు కాగితం మరిదే రాయించుకొచ్చాడు. రిజిస్ట్రేషన్‌కు టైమైపోతోందని తొందరపెడితే నడిపించకుండానే టైపు చేసిచ్చాను. అంతలో సార్ వచ్చారు.

"నడిచిండ్రా?"

"నడిచిన్రు సార్," అన్నాను.

సార్ నేల వైపు చూశారు. దాని మీద సుద్ద మరకే లేదు. చుక్క పెట్టి, "జర ఈడికి రా చెల్లె. గిది నీ బోరు అనుకో," అన్నారు. ఎల్లమ్మ తూర్పుకు నడిచింది, దక్షిణానికి తిరిగింది, పడమరకు వచ్చింది, ఉత్తరానికి మళ్ళింది. కాగితం అయిపోయింది. చుక్క ఇంకా మూడడుగుల దూరంలో ఉంది.

"నేనింక బోరు కాడికి రాలే సారూ," అంది ఎల్లమ్మ. ఆ మూడడుగులే బోరు కాడికి పోయే బాట; మరిది రాయించిన కాగితంలో అది ఆమె వాటాకు రాలేదు. మరిది తల వంచుకుని, "మళ్ల చూసుకుందాం వదినె," అని గొణిగాడు.

"మళ్ల లేదు, ఇప్పుడే," అన్నారు సార్. ఎల్లమ్మతో, "తప్పు నాది చెల్లె. నేను లేనప్పుడు టైపు అయింది," అని, కాగితం చింపి కొత్తది స్వయంగా కొట్టారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

వాళ్ళు వెళ్ళాక నన్ను తిడతారనుకున్నాను. సార్ సుద్దముక్క నా చేతిలో పెట్టి, "ఇగ మీదట చుక్క నువ్వే పెట్టు," అన్నారు.

అబద్ధమాడానని ఆయనకు తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆయన పోయారు. దుకాణం ఇప్పుడు నాది. కంప్యూటర్ ఉండగా ఈ నడకెందుకు మేడం అని నవ్వేవాళ్ళున్నారు. నవ్వనిస్తాను. చుక్క పెట్టి ముందు నేనే నడుస్తాను. చుక్క మీదికి తిరిగొచ్చిన ప్రతిసారీ, ఆ రోజు చెప్పలేని మాట మనసులో చెప్పుకుంటాను: నడవలేదు సార్.