రెడ్డెప్ప మామ మూడుసార్లు చూసిన సినిమా

వెన్నలో వేగిన పాప్‌కార్న్ వాసనకు ఎవరికైనా ఆకలి పుడుతుంది, నాకు మాత్రం మాగిన టమోటాల వాసన గుర్తుకొస్తుంది. మొన్న ఆదివారం మా పాప నన్ను మదనపల్లెలో కొత్తగా కట్టిన ఏసీ హాలుకు లాక్కుపోయి, గాజుతలుపు ముందర నిలబెట్టి, ఫోను తీసి, ఈ ఎండాకాలం వచ్చిన సినిమాలకు ఎవరెవరు ఎన్ని స్టార్లు ఇచ్చినారో చదవడం మొదలుపెట్టింది. ఒకాయన రెండున్నర, ఇంకొకాయన మూడుంపావు. "ముక్కూమొగం తెలీనోళ్లు చెప్పేది ఏం నమ్ముతావు మే" అంటే, "మరి మీ కాలంలో ఎవర్ని అడిగి పోతాంటిరి?" అనింది. ఎవర్ని అడిగి పోతాంటిమో చెప్తే పడీపడీ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు.

మాది పుంగనూరు. బస్టాండు పక్క వీధిలో మా తాతకు బొరుగులూ చెనక్కాయలూ అమ్మే అంగడి ఉండేది. ఎండలు ముదిరితే అంగడి ముందర వేపకొమ్మలతో పందిరి వేసి, తడి ఇసుకలో నాలుగు కుండలు కూర్చోబెట్టి, తాత చలివేంద్రం పెట్టేవాడు. పెట్టింది తాత, పేరు తాతది, నీళ్లు మోసేది మాత్రం మా అవ్వ. కోడి కూయకముందే లేచి రెండు ఎనుముల పాలు పిండి, పేడ ఎత్తి, కుండలు నింపి, సంగటి కెలికి, దాంట్లోకి ఊరిమిండి నూరి, చెనక్కాయలు వేయించి, మళ్లీ సాయంత్రం పాలు పిండి, అందరూ పడుకున్నాక ఎప్పుడు పడుకునేదో ఏమో, పండుకున్న అవ్వను నేను చూసి ఎరగను. చిన్నప్పుడు నేను అవ్వలకు నిద్ర రాదేమో, అది పిల్లలకు మాత్రమే వచ్చే జబ్బేమో అనుకునేదాన్ని.

కొత్త సినిమా అంటే ముందు మదనపల్లెకే వచ్చేది. మా ఊరికి వచ్చేసరికి రీలు గీతలు పడి, నడిమధ్యలో రెండు పాటలు ఎగిరిపోయి, ఎండాకాలంలో విడుదలైంది వానల్లో వచ్చేది. అందుకని మదనపల్లె బస్సు దిగి మా చలివేంద్రం కాడికి వచ్చినోళ్లు ఎవరైనా సరే, చెంబు నోటికి ఎత్తుకునే ముందర సినిమా చూసొచ్చినారా లేదా చెప్పాల, చూసొచ్చుంటే ఎట్లుండాదో చెప్పాల. ఇది నేను పెట్టిన చట్టం. చెంబు నా చేతిలోనే ఉండేది కాబట్టి నాకు ఎదురు లేదు.

ఎన్ని రకాల అభిప్రాయాలు విన్నానో! జాకెట్లు కుట్టే సుబ్బమ్మక్కకు హీరోయిన్ కష్టాలు కనిపించేవి కావు, "ఆ జాకెట్టు చేతులు కుట్టిండేది ఎవడో గానీ పాపా, చంకలో పట్టేసినాడు, అందుకే ఆ యమ్మి ఏడస్తాండాది" అనేది. గొర్రెల బేరగాడు ఒకాయన, పాటలో కొండ మీద కనిపించిన మందలో సగం ముసలివే ఉండాయని సినిమా మొత్తాన్ని కొట్టిపారేసినాడు. అందరికన్నా మా వీధి కండక్టరన్నది విచిత్రం. ఆయనకు మదనపల్లెలో బస్సు ఆగే టైములో సినిమా ఇంటర్వెల్ దాకా మాత్రమే దొరికేది, పరిగెత్తుకుంటూ వచ్చి డ్యూటీ ఎక్కేవాడు. ఇరవై ఏండ్లలో ఒక్క సినిమా కొస కూడా ఎరగడు. "విలను మంచోడే పాపా, హీరోనే ఊరికే కయ్యానికి పోతాండాడు" అని చెప్పి మూడు చెంబుల నీళ్లు తాగి పోయేవాడు.

ఇదంతా నాకు ఆటకాదు, పెద్ద బాధ్యత. మా తాత చట్టం ఇంకొకటి ఉండేది: ఇంట్లో ఆడోళ్లకూ పిల్లలకూ ఎండాకాలం మొత్తానికి ఒక్కటే సినిమా. ఒక్కటంటే ఒక్కటే. మంచిదైతే సరి, చెడ్డదైతే మళ్లీ సంవత్సరం దాకా ఉక్రోషం దిగమింగుకోవాల్సిందే. దానికి తోడు సెలవులకు కుప్పం నుంచి మా అత్తా, అత్త కూతురు వసంతా దిగేవాళ్లు. వసంతది నా ఈడే, నోరు మాత్రం నాకన్నా నాలుగేండ్లు పెద్దది. "మా కుప్పంలో అయితే అరవ సినిమాలూ వస్తాయి, కన్నడవీ వస్తాయి, మీకేముండాది పాపం" అనేది. ముందటి ఏడు దాని మాట విని పోయిన సినిమాలో హీరో మొదటి అరగంటలోనే చచ్చిపోయి, మిగతాదంతా ఫోటోలో దండేసుకుని ఉన్నాడు. అందుకే ఈసారి ఎంచే పని నాకిచ్చినారు.

పైగా ఆ ఎండాకాలం అవ్వ కూడా వస్తానంది. అప్పటిదాకా పోయిండలేదు. మేం తిరిగొచ్చేలోగా సాయంత్రం పాలు ఎవరు పిండుతారు? ఆ ఏడు ఒక ఎనుమును అమ్మేసినాం, రెండోది వట్టిపోయి, కడుపుతో ఉండాది. చుక్క పాలు లేవు. "నేనూ వస్తా లే, ఒకసారి చూస్తాం ఏముండాదో ఆడ" అని అవ్వ చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ అన్నప్పుడు అమ్మా అత్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ పుట్టి బుద్ధెరిగినాక చూడబోయే మొదటి సినిమా, దాన్ని ఎంచేది నేను. చెడ్డదైతే అవ్వ మళ్లీ ఈ జన్మలో హాలు గడప తొక్కదు.

మదనపల్లెలో అప్పుడు రెండు సినిమాలు ఆడతాండాయి. ఒకదాంట్లో ఏడు ఫైట్లు, ఆరు పాటలు. వసంత పట్టు దానికే. రెండోదాని గురించి ఎవరికీ పెద్దగా తెలీదు. అప్పుడు దిగినాడు రెడ్డెప్ప మామ. మామంటే చుట్టమేమీ కాదు, పక్క పల్లెలో టమోటా వేసే రైతు. టమోటా గంపలు మదనపల్లె మండీకి తోలి, మ్యాట్నీ చూసుకుని, సాయంత్రం బస్సుకు మా కుండ కాడ దిగేవాడు. ఒంటి నిండా టమోటా వాసన, తలకు ఎర్ర టవలు. నేను చెంబు వెనక్కు లాక్కుని అడిగినా.

"ఆ రెండోది ఎట్లుండాది మామా?"

"బో బాగుండాది పాపా. ఈ వారంలోనే మూడుసార్లు పోయినా."

మూడుసార్లు! "ఫైట్లుండాయా?"

"ఒక్కటి గూడా లేదు. అదే దాని గొప్ప. అరుపులు లేవు, కేకలు లేవు, కడుపు సల్లగా ఉంటాది."

"కత ఏంది మామా?"

ఆయన మీసం తుడుచుకుని, "కత సెప్పేస్తే ఇంక నీకు సూసేదానికేముంటాది?" అన్నాడు. ఎంత పెద్దమనిషి అనుకున్నా. అంతవరకూ నీళ్ల కోసం కథ మొత్తం కక్కేసినోళ్లే గానీ, ఇట్లా చూసేవాళ్ల సంతోషం గురించి ఆలోచించినోడు ఒక్కడూ లేడు. మరుసటి రోజు ఇంకో ఇద్దరు టమోటా రైతుల్ని అడిగినా. వాళ్లదీ అదే మాట. ఇంకేం కావాల? అన్నాలు తినేటప్పుడు అందరి ముందరా తీర్పు చెప్పేసినా. వసంత మూతి మూడు వంకరలు తిప్పి, "బాగలేకపోతే వచ్చే ఏటి నుంచి ఎప్పటికీ నేనే చెప్తా, నువ్వు గమ్మునుండాల" అనింది. సరే అని చేతిలో చెయ్యి వేసినా.

పులుసన్నం క్యారియరూ, కరకరలాడే నిప్పట్ల డబ్బా, అవ్వ పెట్టెలోంచి తీసిన నాఫ్తలీన్ వాసన కొట్టే పట్టుచీర, అన్నిటితో కలిసి మదనపల్లె బస్సెక్కినాం. హాల్లోకి పోతానే నాకు అర్థం కానిది ఒకటి కనిపించింది. కుర్చీల్లో మనుషులున్నారు గానీ మొహాలు లేవు. అందరి మొహాల మీదా టవళ్లు. కాళ్లు ముందు కుర్చీల మీద బార్లా చాపుకున్నారు. పైన పెద్ద పెద్ద ఫ్యాన్లు గిర్రుమని తిరుగుతాండాయి, గోడల కాడ తడిపిన వట్టివేళ్ల తడికెలు, లోపలంతా వట్టివేళ్ల వాసనా టమోటా వాసనా కలిసిపోయి ఉండాది.

సినిమా మొదలైంది. హీరో మేడ మీద కూర్చుని పాత వీణ ఒకటి బాగుచేస్తా ఉన్నాడు. హీరోయిన్ కింద వీధిలో నీళ్లబిందెతో పోతా ఉంది. ఆయన పిలవడు, ఆమె తల ఎత్తదు. ముక్కాలుగంట అయినా ఆయన పిలవలేదు, ఆమె తల ఎత్తలేదు, వీణ బాగుపడలేదు. నా వెనక ఎవరో గుర్రు పెట్టడం మొదలుపెట్టినారు, దానికి పక్క వరస నుంచి ఇంకొకరు జవాబిచ్చినారు. ముందు వరసలో పిల్లోడొకడు ఈల వేస్తే టార్చిలైటు పట్టుకునే ఆయన పరిగెత్తుకొచ్చి, "రేయ్, రైతులు పండుకోనుండారు, కనపడ్లేదా?" అని కసిరినాడు. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. తెల్లవార్లూ టమోటాలు కోసి, గంపలకెత్తి, మండీకి తోలి, రాత్రంతా కన్ను మూయని మనుషులు పగటిపూట నిద్రపోయేదానికి ఈ హాలుకొస్తాండారు. ఫైట్లు లేని సినిమా ఎందుకు గొప్పదో, రెడ్డెప్ప మామకు కథ ఎందుకు తెలీదో అంతా ఒక్కసారి తెలిసిపోయింది. మూడుసార్లు చూసిన మహానుభావుడు ఒక్క రీలు కూడా చూసిండడు.

వసంత నా తొడ మీద గిల్లి, చెవిలో "కడుపు సల్లగా ఉండాదా మే?" అనింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వసంత కోసం కాదు, అవ్వ కోసం. భయంభయంగా అవ్వ వైపు తిరిగి చూసినా.

అవ్వ నిద్రపోతాండాది.

తల అత్త భుజం మీద వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి. ఎప్పుడూ ఏదో ఒకటి నూరుతానో, తోముతానో, ఎత్తుతానో ఉండే ఆ చేతులు అట్లా ఊరికే ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగినాయి, సోడాలోడు సీసా మీద ఇనపచువ్వతో టకటకలాడించినాడు, అవ్వ కదల్లేదు. నేను లేపబోతే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "తాకినావంటే సంపుతా" అనింది. అత్త కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి వసంత కూడా నోరు మూసుకుంది. సినిమా అయిపోయి జనం లేచేటప్పుడు అవ్వ ఉలిక్కిపడి, "అయిపాయనా?" అని, కొంగు సర్దుకుని, సిగ్గుపడుతూ లేచి నిలబడింది. తెరమీద వాళ్లకు పెండ్లయిందో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు, అప్పటికి నేను తెర చూడడం మానేసి చానాసేపైంది.

ఇంటికొచ్చినాక తాత అంగడి మెట్టు మీద కూర్చుని, "ఎట్లుండాది?" అని అడిగినాడు. వసంత నోరు తెరవబోయే లోపల అవ్వ అందుకుంది.

"శానా బాగుండాది. అట్లాంటి సినిమా నేను యాడా సూడలే."

"కత ఏందో?"

"సెప్పేస్తే నీకు సూసేదానికేముంటాది?" అని అవ్వ దొడ్లోకి పోయింది. వసంత నా వైపు చూసింది, నేను వసంత వైపు చూసినా, ఇద్దరం నోటికి పావడాలు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వినాం. ఆ తర్వాత పందెం మాట వసంత ఎత్తలేదు.

అవ్వ మాటంటే వీధిలో గురి. అంత మనిషి బాగుండాదనిందంటే ఇంక తిరుగులేదని సుబ్బమ్మక్క పోయింది, పాలమ్మే గంగులమ్మ పోయింది, ఎదురింటి కోమటోళ్ల పెద్ద కోడలు పోయింది. తిరిగొచ్చిన ఒక్కొక్కరినీ చెంబు పట్టుకుని అడిగినా. అందరి మొహాలూ తేటగా, కండ్లు కొంచెం ఉబ్బి ఉన్నాయి. అందరూ బో బాగుండాదన్నారు. ఒక్కరు కూడా కథ చెప్పలేదు. కోడళ్లకు ఇంత మంచి సినిమా ఎప్పుడూ రాలేదని మా వీధి మగోళ్లకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అయిండదు.

మరుసటి ఏటికి ఎనుము ఈని పూటకు నాలుగు లీటర్లిచ్చింది. "నేనొస్తే పాలెవరు పిండాల?" అని అవ్వ ఆగిపోయింది. ఆ పై ఏడు దూడ, ఆ పై ఏడు ఇంకోటి. అవ్వ చూసిన సినిమా అదొక్కటే, అది కూడా చూడలేదు. ఇప్పుడు బొరుగుల అంగడి లేదు, చలివేంద్రం లేదు, బస్సు దిగి నీళ్ల కోసం సినిమా చెప్పేవాళ్లు లేరు. ఆ పాత టాకీసు కుర్చీలు పీకేసి టమోటా క్రేట్లు పెట్టుకుంటాండారు. రెడ్డెప్ప మామ వాసన మాత్రం ఆ గోడలకు ఇంకా ఉండాది.

మొన్న ఆదివారం ఏం సినిమాకు పోయినామో పేరడిగితే చెప్పలేను. రెండున్నర స్టార్లదో మూడుంపావుదో. కుర్చీ వెనక్కు వాలింది, ఏసీ చల్లగా తగిలింది, మొదట పేర్లు పడేదాకా చూసినా. మళ్లీ కళ్లు తెరిచేసరికి లైట్లు వెలిగి జనం లేస్తాండారు. మా పాప కదలకుండా కూర్చుని ఉండాది, నా తల దాని భుజం మీద ఉండాది.

"అయిపాయనా?" అన్నా.

"అయిపాయ."

"లేపకూడదా మే?"

"ఇంటర్వెల్‌లో లేపుదామనుకున్నా. నువ్వు పండుకోనుంటే నేనెప్పుడూ సూళ్లేదమ్మా" అనింది.

బయటికొచ్చినాక అది ఫోను తీసి, ఎన్ని స్టార్లు పెట్టమంటావని అడిగింది. ఉండేటివన్నీ పెట్టెయ్యమన్నా.