పాతర అడుగున నా కడియాలు

“ఏందయ్యా, నా వెండి కడియాలు జొన్న పాతర అడుగున పెట్టినావా?”

“కష్టకాలానికని దాచినానే. నోట్లు చెల్లవంట, వెండే చెల్లుతుందంట. అక్కడైతే ఏ దొంగకూ అందవు.”

“దొంగకే కాదు, మనకూ అందవు గదా!”

యుద్ధం రోజుల్లో, పెద్దారవీడు దగ్గర మా పల్లెలో, నాకూ మా ఆయనకూ జరిగిన జగడమిది. వానల్లేక, మేతలేక గొర్రెలు పడిపోతున్నాయి. దర్శి నుంచి గడ్డి బండి తెచ్చినాయన వెండి ఇస్తేనే గడ్డి దించుతానన్నాడు, తెల్లారేదాకా చూసి పోతానన్నాడు.

జొన్నలు దాచడానికి నేలలో తవ్విన మా పాతరలో సగం తిని, మళ్ళా మట్టితో మూసినాం. ఆ మూత తీయంగానే మా ఆయన లోపలికి దిగబోయినాడు.

“ఆగు! లోపలి ఆవిరి పోకముందే దిగితే చస్తావు.”

“నీకేం తెలుసే?”

నేను దీపాన్ని తాడుకు కట్టి దించినా. కొంత లోపలికి పోంగానే ఆ చెడ్డ ఆవిరికి ఆరిపోయింది.

“కడియాలు చాలవా, నా తాళి కూడా అందులోనే పాతిపెడతావా?” అని అరిచినా. ఆయన పాతర అంచు నుంచి వెనక్కి జరిగినాడు. ‘నీకేం తెలుసే’ అన్న ఆయన మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రాత్రంతా పాతర తెరిచే పెట్టినాం. తెల్లారి మళ్ళా దించితే దీపం ఆరలేదు. ఆయన దిగి, జొన్నలు తోడి కడియాలు తెచ్చినాడు. ఒకటి గడ్డికిచ్చినాం. రెండోది దాస్తానని చెయ్యి చాపినాడు. నేను దాన్ని కాలికేసుకుని గొర్రెలకు గడ్డి వేయడానికి పోయినా.