దిష్టి తగలని కోడలు

మాది పొన్నూరు వైపు. వరి తప్ప మరో పంట ఎరగని ఇంట్లో పుట్టి, పర్చూరు దగ్గర మిర్చీ పత్తీ పండించే ఇంటికి కోడలిగా వచ్చాను. పెళ్లిచూపుల్లో వంట వచ్చా, పాటలు వచ్చా అని అడిగారు గానీ, ఆయాసం వస్తుందా అని ఎవరూ అడగలేదు.

మొదటి ఏడాది వసారాలో మిరపకాయలు రాశి పోసి, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ ఇంటిల్లిపాదీ హాయిగా కబుర్లు చెప్పుకునేవారు. నేను మాత్రం కళ్లూ ముక్కూ కారుతూ కూర్చునేదాన్ని. కాయలు బస్తాలకెక్కితే నయమవుతుందనుకున్నాను. కాలేదు. దిండులో మా చేలో పత్తే, ఎన్నేళ్ల దుమ్ముతోనో. గోడల వెంట చెమ్మ, బూజు. మంచం కింద పిల్లి. గుంటూరులో డాక్టరుగారు ఇవేవీ నా ఒంటికి పడవని చెప్పి, ఆయాసం వస్తే పీల్చుకోమని ఇన్‌హేలర్ ఇచ్చారు. పడనివన్నీ తీసేస్తే ఇంట్లో మా ఆయనొక్కడే మిగులుతాడు. ఆయనా సెంటు కొట్టుకుంటాడు.

మా అత్తగారు ఇదేదీ నమ్మలేదు. ఏరే పని ఎగ్గొట్టడానికి పుట్టింటివాళ్లు నేర్పిన రోగమని పక్కింటావిడతో చెప్పింది, నాకు వినపడేలాగే. ఒళ్లు మండిపోయింది. ఊపిరాడనిదాన్ని పట్టుకుని నటిస్తోందంటే ఎవరికైనా మండుతుంది.

ఆవిడకు తెలిసిన పరీక్ష ఒకటే. ఎండుమిర్చి, ఉప్పు గుప్పిట్లో పట్టుకుని తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేయడం. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, వస్తే ఏమీ లేనట్టు. పుట్టినప్పటి నుంచీ మిర్చిలోనే బతికిన ఆ ఇంట్లో ఎవరికి తీసినా ఎవరూ దగ్గేవాళ్లు కాదు. అందుచేత అందరికీ ఎప్పుడూ ఘోరమైన దిష్టే.

ఒక సాయంత్రం నాకూ తీసింది. కాయలు నిప్పుల్లో పడగానే నాకు దగ్గు అందుకుంది.

"చూశావా అమ్మాయ్, నీకు దిష్టీ లేదు, గిష్టీ లేదు," అంది తృప్తిగా.

నాకేమీ లేదని తేలిపోయిన ఆ నిమిషంలోనే ఊపిరి అందడం మానేసింది. చచ్చిపోతానని భయపడ్డాను. మా ఆయన పొలంలో ఉన్నాడు. ఆవిడే నిప్పుల మూకుడు పెరట్లోకి విసిరేసి, నన్ను వీధరుగు మీదికి ఈడ్చుకొచ్చి, లోపలి నుంచి ఇన్‌హేలర్ తెచ్చి నా నోట్లో పెట్టి నొక్కింది. ఎలా నొక్కాలో ఆవిడకెవరూ చెప్పలేదు. నేను నటిస్తున్నన్నాళ్లూ చూస్తూనే ఉందన్నమాట.

నాకు గాలి ఆడాక గానీ పెరట్లో నిప్పులు ఆర్పడానికి ఆవిడ లేవలేదు. తప్పయిపోయిందనే మనిషి కాదు. మర్నాడు దిండు మార్చింది. కాయల రాశి కొట్టంలోకి పోయింది. పిల్లి మాత్రం ఎవరి మాటా వినలేదు.

దిష్టి తీయడం ఆవిడ మానలేదు. ఇప్పటికీ అమావాస్యకు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, గుప్పిట్లో నా ఇన్‌హేలర్ పట్టుకుని తల చుట్టూ తిప్పుతుంది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఈ అత్త పాడుకళ్ల దిష్టి, అంతా పోవాలి."

తిప్పింది నిప్పుల్లో వేయదు. నా చేతికిస్తుంది.