జానాబెత్తెడు

షెడ్డులో టేపు ఉన్నా ఆ మెకానిక్‌కు చెయ్యే కొలబద్ద. చక్రం నడిమి నుంచి దాని పైనున్న బాడీ అంచుదాకా జానా వేసి, దాని మీద బెత్తెడు చేర్చి, ఒక కన్ను మూసి చూస్తాడు. అందుకే అందరూ అతన్ని జానాబెత్తెడు అంటారు. ఆ ఉదయం ఒకావిడ కారుకు అరిగిపోయిన వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు తీసి, ఎత్తు సరిచేసుకునే నట్లున్న కొత్తవి వేశాడు. ఇన్నాళ్లూ కుంగి ఉన్న బండి కాస్తా మూడు వేళ్లు పైకి లేచింది. "భలే ఉంది, ఇలాగే ఉండనివ్వండి" అందావిడ. అతను తల గోక్కున్నాడు. "వెనక ఎవరు కూర్చుంటారమ్మా?" "మా అత్తయ్య. మోకాళ్ల ఆపరేషనైంది. దిగాలంటే నా భుజం ఉండాల్సిందే." "అయితే ఆవిణ్ణి తీసుకురండి. ఖాళీ బండికి ఎత్తేం చూస్తాం?"

అత్తగారు వచ్చి వెనక సీట్లో కూర్చుంది. "నన్ను తూకం వేస్తున్నావా ఏంటి నాయనా?" అని నవ్వింది. దిగబోతే కాలు గాల్లోనే ఆగిపోయింది. అతను కారు కింద దూరి, స్ప్రింగుల కిందున్న నట్లు రెండువైపులా సమంగా కిందికి తిప్పి, బండి కొత్త ఎత్తుకు సర్దుకునేలా ముందుకీ వెనక్కీ నెట్టి, మళ్లీ జానా వేశాడు. మూడోసారికి ఆవిడ మడమ నేలకానింది. ఎవరినీ పట్టుకోకుండా లేచి నిలబడింది. అలవాటుగా భుజం వంచిన కోడలు అలాగే ఉండిపోయింది. "డాక్టరు మోకాళ్లిచ్చాడు, నువ్వు నేలందించావు నాయనా" అంది అత్తగారు. "ఉండు, ఇంకోసారి ఎక్కి దిగుతాను." జానాబెత్తెడు నూనె చేతులు చొక్కాకు తుడుచుకుని, మళ్లీ తలుపు తెరిచి పట్టుకున్నాడు.