మంచె దిగని కావలి

పోయిన నెలలో, కొండల మీద తొలివానలు మొదలైన వారం, మా ఆవిడ పోయింది. విశాఖ ఆసుపత్రిలో, మధ్యాహ్నం భోజనాల వేళ. గుండె జబ్బు. ఆ గుండె చాలా ఏళ్ళుగా అవసరం లేకుండా పరుగెత్తిందని డాక్టరు అన్నాడు. అది నాకు కొత్త సంగతి కాదు. అరకులోయ తీసుకొచ్చి, చర్చి వెనక సిల్వర్ ఓక్ చెట్ల వరస చివర సమాధి చేశాం. వాన ఆగలేదు. పాస్టరుగారు గొడుగు కిందనుంచే ప్రార్థన చేశారు.

ఆవిడను ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎరిగినవాళ్ళకు ఆవిడ వార్డెనమ్మ. డుంబ్రిగుడ వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో తొంభైల మొదటినుంచీ పనిచేసింది. కొండమీద పుట్టిన మనిషి. తల్లి లేదు. మిషన్ బోర్డింగులో చేర్చుకునేదాకా తండ్రి దగ్గరే ఉంది. నేను మైదానం నుంచి వచ్చి జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి.

పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం, బురద చెప్పులు అరుగు మీద విడిచి వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాను. ఆవిడ గోడకు వీపు ఆనించి, చెంబు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు. వచ్చింది నేనని చూశాక కూడా ఆ చెయ్యి చాలాసేపు దిగలేదు.

"ఏటండీ, దొంగలాగ," అంది చివరికి. "నేనే అని ఒక్క ముక్కంటే మీ సొమ్మేటి పోద్ది?"

"నా ఇంటికి నేను రావడానికి దండోరా వెయ్యాలా?"

"ఎయ్యండి. డప్పు నేను కొనిస్తాను."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతున్నా ఆవిడ చెంబు మాత్రం కింద పెట్టలేదు. ఆ మర్నాటి నుంచి గుమ్మం బయటే "నేనే" అనడం మా ఇంటి అలవాటైంది.

అడుగుల చప్పుడు ఆవిడ చదివినట్టు నేను పుస్తకాలు కూడా చదవలేదు. వాకిట్లోకి వచ్చింది ఎవరో, ఏ మనసుతో వచ్చారో చూడకుండానే చెప్పేది. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"మా అయ్య సంత నుంచి వచ్చేటప్పుడు నేర్సుకున్నానండి. కాలు ఈడిస్తే మంచి రోజు, తిని తొంగుంటాడు. మడం గట్టిగా పడిందంటే తమ్ముణ్ణి సంకనేసుకుని మేకల పాకలో దూరిపోవడమే."

ఆ తండ్రి ఎప్పుడో పోయాడు. తమ్ముడు లారీ నడుపుకుంటూ క్షేమంగానే ఉన్నాడు. మా వీధి నిమ్మళమైన వీధి. అయినా కుర్చీ ఎప్పుడూ గోడకు ఆనించి, తలుపుకు ఎదురుగా వేసుకునేది. కుక్కర్ కూత వేస్తే భుజాలు బిగుసుకునేవి. చిన్న చప్పుడుకు లేచిన గుండెదడ పావుగంటకు గాని తగ్గేది కాదు. కారణం అడిగితే కొండ పొలాల భాషలో చెప్పేది. అక్కడ చోళ్ళు, అంటే రాగులు, గింజ పట్టేవేళ అడవిపందులు రాకుండా మంచె మీద రేకుడబ్బా కొడుతూ కావలి ఉంటారు. పంట ఇల్లు చేరితే కావలివాడు దిగి వస్తాడు.

"నా బుర్రలోనూ ఒక కావిలోడున్నాడండీ. సోళ్ళు కోసేసి ఇంటికి తెచ్చేశారని ఆడికెవులూ సెప్పలేదు. ఆడింకా డబ్బా కొడతానే ఉన్నాడు."

పిల్లల మాట వచ్చినప్పుడూ ఆ మాటే అంది. "ఆణ్ణి నా బిడ్డ నెత్తి మీద కూకోబెట్టలేను." చాలా రోజులు మాట్లాడుకున్నాం. వద్దనుకున్నాం. అప్పటికి మా ఇద్దరికీ తెలిసింది అంతే.

హాస్టల్లో ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ పనైనా ముందు చెప్పి చెయ్యాలి. తలుపు తీసేముందు తీస్తున్నానని, జడ వెయ్యడానికి వెనక్కి వెళ్ళేముందు వెనక్కి వస్తున్నానని చెప్పాలి. పొద్దున్న గంట తీసేయించింది. ఒక్కొక్క పిల్ల పేరు పిలిచి లేపేది. వంటామెకు ఇదంతా వేడుక.

"మూత తీస్తన్నానర్రా, బెదిరిపోకండి! ఆవిరొస్తాది, బెదిరిపోకండి! సాంబార్లో ఉప్పెక్కువైంది, ఇప్పుడు బెదరండి!" అని అరిచేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. అందరికంటే ముందు మా ఆవిడ నవ్వేది.

ఆ రోజుల్లోనే ముంచింగిపుట్టు అవతలి ఊరి నుంచి ఒక పిల్లను మేనమామ తెచ్చి దింపి వెళ్ళాడు. పక్క తడిపేది. అన్నం ముద్దలు తలగడ కింద దాచేది. డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదితే మంచం కింద దూరి సాయంత్రందాకా వచ్చేది కాదు. హెడ్మాస్టరు ఇంటికి పంపించెయ్యమన్నాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"ఈ గుంటకి మతి సరిగా లేదమ్మా."

"మతి బాగానే ఉంది సార్. మనందరికంటే బేగి వింటాది. అదే దాని గొడవ."

"చదువు అంటడం లేదు కదా?"

"మంచం కింద ఏం సదువు అంటుతాది సార్? ఇంటికంటే ఎక్కడికి పంపుతారు? ఎక్కడ బెదిరిపోయిందో అక్కడికేనా?"

ఆయన మంచివాడే. క్రిస్మస్ సెలవుల దాకా చూద్దామన్నాడు.

ఆవిడ పెద్దగా ఏమీ చెయ్యలేదు. రోజూ దీపాలవేళ ఆ మంచం పక్కన చాప వేసుకుని కూర్చునేది. "ఈడే ఉన్నాను" అనేది, అంతే. బయటికి రమ్మనేది కాదు, ముట్టుకునేది కాదు. చింతపండు గింజలు తీస్తూనో, దుప్పట్లు కుట్టుకుంటూనో ఉండేది. లేచి వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని, రేపు ఇదే వేళకు వస్తానని చెప్పేది. వచ్చేది. జ్వరం ఉన్న రోజు కూడా శాలువా కప్పుకుని వెళ్ళింది.

చలి ముదిరాక ఒక సాయంత్రం చేతిలో సొట్ట పడిన స్టీలు కంచం పట్టుకుని ఇంటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నా మీద కోప్పడిందండీ! కూర బాగోలేదని కంచం ఇసిరికొట్టింది!"

"దానికింత సంబరమా?"

"మీకు తెలీదు. భయమున్న పిల్ల కోప్పడదు. నేను కొడతానని దానికి తోచలేదు, సూడండి. మర్చిపోయింది."

హాస్టలుకు కొత్త కంచం కొనిచ్చింది. సొట్ట కంచం మా ఇంట్లో ఉంచుకుంది. ఆ తర్వాత అన్నం తిన్నదంతా అందులోనే. సెలవులయ్యాక పిల్లను పంపించెయ్యమని ఎవరూ అనలేదు. పది పాసయ్యేదాకా అక్కడే చదివింది.

రెండువేలు దాటాక వార్డెన్లకు విశాఖలో శిక్షణ పెట్టారు. ఆవిడ తిరిగొచ్చిన రోజు నేను స్టేషనుకు వెళ్ళాను. కిరండోల్ పాసింజరు ఆలస్యం. దిగి, ఇంటికి నడవకుండా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుండిపోయింది. ఒక పిల్లల డాక్టరమ్మ అక్కడ పాఠం చెప్పిందట. ఆపద వస్తే ఒళ్ళంతటినీ లేపే ఏర్పాటు మెదడులో ఉంటుంది. ఆపద పోగానే అది అణగాలి. పసితనమంతా ఆపదలో గడిచిన పిల్లలకు అది తొందరగా లేస్తుంది, ఆలస్యంగా అణుగుతుంది, పెద్దయినా చాలామందికి అలాగే ఉండిపోతుంది. అయితే మారకుండా దగ్గరుండే మనిషి ఒక్కరున్నా, ఆ ఏర్పాటు మెల్లగా కొత్త పాఠం నేర్చుకోగలదు. బెదిరిన తల్లి కడుపున బెదిరిన బిడ్డే పుట్టాలని లేదు.

"నా కావిలోడి గురించే సెప్పిందండీ, నన్నెరిగున్నట్టు," అంది. కాసేపటికి, "ఈ ఆఖరి మాట మన పెళ్ళప్పుడు ఎవరైనా సెప్పుంటే..." అంది.

అప్పటికి ఆ వయసు దాటిపోయింది. ఇనుప ఖనిజం తీసుకెళ్ళే గూడ్సు ఒకటి మా ముందు నుంచి చాలాసేపు వెళ్ళింది. అది పోయాక లేచి నడిచాం. ఆ మాట మళ్ళీ ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అందులో తప్పు ఎవరిదీ కాదు. తెలిసేసరికి ఆలస్యమైంది. అంతకంటే ఓదార్పు నాకు ఇప్పటికీ దొరకలేదు.

మంచం కింద దూరిన ఆ పిల్లకు పెళ్ళయింది. వాళ్ళ ఊరి వైపే కాఫీ, పసుపు వేసుకుంటున్నారు. పోయిన చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. అప్పటికే మా ఆవిడకు జీపు ప్రయాణం పనికిరాదన్నారు. ఆసుపత్రిలో చేరాక ఆవిడకు ఆ బిడ్డ ధ్యాసే. మంచం మీద కూడా వరండాలో అడుగులు వింటూనే ఉండేది. "ఈ నర్సమ్మ మంచిది, కాలు ఈడుస్తాది," అనేది. చివరిదాకా అలా వింటూనే ఉంది. నా విచారమల్లా అదే. ఒక్క పూటైనా ఆ కావలివాడు మంచె దిగి ఉంటే బాగుండేది.

ఒక సాయంత్రం నాతో అంది: "మీరెళ్ళి ఆ బిడ్డని సూసి రండి. ఉలిక్కిపడితే పడనీండి, పసిబిడ్డలన్నాక పడతారు. ఎంతసేపట్లో సద్దుకుంటాదో సూడండి. అదీ నాక్కావాల్సింది."

ఆవిడను వదిలి వెళ్ళే వీలు నాకు రాలేదు.

మొన్న సంత రోజున వాకిట్లోంచి వినిపించింది. "నేనే మాస్టారూ, వస్తన్నాను." ఆ పిల్లే. భుజాన నిద్రపోతున్న బిడ్డ. నా ఎదురుగా చాప మీద పడుకోబెట్టి, "పడుకోబెడతన్నానమ్మా," అని నిద్రలో ఉన్న బిడ్డకే చెప్పింది. ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. తనకి విజిల్ వింటే ఇప్పటికీ ఒళ్ళు బిగుస్తుందట. నవ్వుతూనే చెప్పింది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది.

అల్మారా మీద నుంచి కంచం జారి గచ్చు మీద పడింది. ఇల్లంతా మోగింది. బిడ్డ రెండు చేతులూ పైకి విసిరింది. ముఖం ముడుచుకుంది. నోరు తెరుచుకుంది.

"ఈడే ఉన్నానమ్మా. కంచం పడింది, అంతే."

పరుగెత్తకుండా, మామూలుగా నడిచి వచ్చి పక్కన కూర్చుంది. బిడ్డ ఆ ముఖాన్ని వెతుక్కుంది. దొరికింది. పెదవులు సర్దుకున్నాయి. పిడికిళ్ళు విడిపోయాయి. కళ్ళు మూతపడ్డాయి.

ఆవిడకు చెబుదామని గోడవైపు తిరిగాను. కుర్చీ తలుపుకు ఎదురుగా, ఎప్పటిలాగే ఉంది. వంటింట్లో కంచం సొట్ట వైపు ఒరుగుతూ, లేస్తూ, గచ్చు మీద ఇంకా మోగుతూనే ఉంది.