నొక్కకముందే పనిచేసిన బటన్

మా గల్లీలోని ముప్పై ఇళ్ల బిందెలను ఒక్క పూటలో మూడుసార్లు బయటికి రప్పించి, మూడుసార్లూ ఖాళీగా వెనక్కి పంపిన ఘనత నాది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వకుండా వినండి.

అప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసి, గోదావరిఖనిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో వెబ్ పేజీలు చెయ్యడం నేర్చుకుంటున్నాను. చేరి మూడు వారాలు. నడక మాత్రం మూడు కంపెనీలు పెట్టినదానిలా ఉండేది. ఆ వారం పాఠం బటన్లు. పేజీలో బటన్ పెడితే సరిపోదు. దాన్ని ఎవరు ఎప్పుడు నొక్కుతారా అని కనిపెట్టుకుని ఉండే కాపలా ఒకటి రాయాలి. ఈవెంట్ లిజనర్ అంటారు దాన్ని. నొక్కినప్పుడు, మనం అప్పగించిన పని చేయించడమే దాని ఉద్యోగం.

నేర్చుకున్న విద్య పదిమందికీ పనికిరావాలి కదా! ఎండాకాలం. గల్లీ మొత్తానికి మలుపులో ఒకటే నల్లా. నీళ్లు ఎప్పుడొస్తాయో ఆ పైపుకే తెలియదు. వస్తే అరగంట. అందుకని ఎర్రటి బటన్‌తో ఒక పేజీ తయారుచేశాను. నీళ్లు ముందు చూసినవాళ్లు దాన్ని నొక్కితే అందరి ఫోన్లకూ కబురు పోతుంది. కబురు పంపే భాగం మా సారు రాసిచ్చారు. బటన్ మాత్రం అచ్చంగా నాది.

పరీక్షించకుండా ఇచ్చానని అనుకోకండి. అమ్మ నంబరొక్కటే ఎక్కించి, పేజీ తెరిచి, బటన్ నొక్కాను. అమ్మ ఫోన్ టింగుమంది. ఫోన్ ముందు మోగిందా, నా వేలు ముందు పడిందా అని ఎవరు చూస్తారు చెప్పండి?

మర్నాడు పొద్దున్నే గల్లీ నంబర్లన్నీ ఎక్కించి, లింకు అందరికీ పంపాను. రెండు నిమిషాల్లో గల్లీ అంతా మోగింది: "నీళ్లొచ్చినయ్! జల్ది రండి!"

ఎదురింటి సమ్మక్క పొయ్యి మీది పప్పును దాని మానాన వదిలేసి రెండు బిందెలతో ఉరికింది. రాత్రి షిఫ్టు దిగి అప్పుడే కన్నంటుకున్న రాజేశం కాక ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో డ్రమ్ము పట్టుకుని వచ్చాడు. నల్లా మాత్రం ఎండిపోయి ఉంది.

"ఎవరు నొక్కిండ్రే?" అన్నాడు కాక.

"నేనైతే నొక్కలే. ఏందో అని తెరిచి చూసిన, గంతే," అంది సమ్మక్క.

అందరూ తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు. పోయినవాళ్లు ఊరుకోవచ్చు కదా! ఎవరు నొక్కారో చూద్దామని ఎవరో పేజీ తెరిచారు. ఫోన్లు మోగాయి. మళ్లీ బిందెలు, మళ్లీ పరుగు, మళ్లీ ఎండిన నల్లా.

"మీరే పొరపాటున నొక్కుతున్నరు!" అన్నాను, విద్య తెలిసినదాన్ని కాబట్టి.

"నొక్కలే అంటున్న గదనే పిల్లా! నీ పుణ్యాన పప్పు మాడింది. మీ బావ డ్యూటీకి ఉత్త అన్నం, తొక్కు కట్టుకపోయిండు!"

"ఇగో, చూడుండ్రి. నొక్కితేనే పోతది," అని అందరి ముందూ పేజీ తెరిచి, వేలు గాల్లో ఎత్తాను.

వేలు ఇంకా గాల్లోనే ఉంది. చుట్టూ ఉన్న ఫోన్లన్నీ మోగాయి. అప్పటికే ఇళ్లకు తిరిగిపోయినవాళ్లు మూడోసారి బిందెలతో వచ్చారు. కంగారులో బటన్‌ను పదిసార్లు నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"తెరిస్తె మోగుతది, నొక్కితె మోగది. మస్తు సదువుతున్నవ్ బిడ్డా," అని కాక డ్రమ్ము ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మా నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి నేను ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆయనది బొగ్గుబాయిలో మందు పేల్చే పని. కథంతా విని, అన్నం కలుపుకుంటూ అన్నాడు.

"మేం ముందు తీగలు కలుపుతం. అందరు పక్కకు పోయినంకనే పేల్చే డబ్బా తాళం తిప్పుతం. నువ్వు తీగ కలిపేటప్పుడే తాళం తిప్పినట్టున్నవ్, సూసుకో."

చూసుకున్నాను. కాపలాకు పని పేరు మాత్రమే అప్పగించాలి, నొక్కినప్పుడు చేయించమని. నేను ఆ పేరు పక్కన రెండు బ్రాకెట్లు పెట్టాను. అలా పెడితే 'ఇప్పుడే చేసెయ్' అని అర్థం. పేజీ తెరవగానే పని అయిపోయింది. ఇక నొక్కినప్పుడు చేయించడానికి కాపలా దగ్గర ఏమీ మిగల్లేదు. బ్రాకెట్లు తీసేసి, అమ్మ నంబరొక్కటే ఉంచి మళ్లీ పరీక్షించాను. ఇప్పుడు తెరిస్తే నోరెత్తడం లేదు, నొక్కితేనే పలుకుతోంది.

సాయంత్రం నల్లా బుస్సుమంది. నిజంగా నీళ్లు! గర్వంగా బటన్ నొక్కాను. ముప్పై ఇళ్లలో ఫోన్లు మోగాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"మళ్ల మోగిందే!" అని ఒకింట్లోంచి వినబడింది.

"మోగనియ్, మోగనియ్," అని పక్కింట్లోంచి జవాబు.

ఇక చున్నీ నల్లా కింద తడుపుకుని పరుగెత్తాను. తలుపు తలుపూ బాదాను.

"నీ బటన్ పాడుగాను! నన్ను పండనియ్యవా?" అని లోపలినుంచే అరిచాడు రాజేశం కాక.

"కాకా, నిజంగనే వచ్చినయ్! గిదో, నా చున్నీ పిండి సూడు!"

చున్నీ పిండి చూపిస్తే గానీ ఆయన డ్రమ్ము కదల్లేదు. అలా ఇంటింటికీ పిండుకుంటూ చివరికి సమ్మక్కను నమ్మించి నల్లా దగ్గరికి తీసుకొచ్చేసరికి నీళ్లు ఆగిపోయాయి. ఆమె ఖాళీ బిందె వంకా నా వంకా చూసి, "దా, ఇప్పుడు నన్ను గూడ పిండు," అంది. ఈలోపు అమ్మ పట్టుకున్న నీళ్లలోంచి రెండు బిందెలు నేనే మోసి ఇచ్చాను.

అందుచేత, సమస్త జనులకూ ఇందుమూలంగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఏ బటన్ తయారుచేసినా, ముందు పేజీ తెరిచి, చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఏమీ జరగలేదని నిర్ధారణ అయ్యాకే వేలు పెడతాను.