రమణక్క నొక్కిన ఎర్ర బటన్

ఒక్క ఊపులో ఊరి పడవలన్నిటినీ ఒడ్డున కూర్చోబెట్టిన ఘనత తుఫానుకి ఉంది, నాకూ ఉంది. తుఫానైతే ముందుగా హెచ్చరిక వస్తుంది. నాకు అదీ లేదు.

నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు నాన్న నేర్పాడు, కంప్యూటరు ఫోన్లో వీడియోలు నేర్పాయి. ఆ రెంటినీ ఇచ్చిన దేవుడికి దండం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట నేర్చి రచ్చకెక్కాను.

జువ్వలదిన్నె పక్కన మా పాలెంలో, సముద్రం మీదికి ఏ రోజు పోకూడదో కులపెద్దలు చెబుతారు. వాళ్లని మేం కాపులంటాం, వాళ్లలో పెద్దాయన పెద్దకాపు. వాళ్ల ఆ మాటని దురాయి అంటాం. దాన్ని దాటి పడవ దించినవాడు లేడు. ఆ కబురు ఫోన్లకి చేరేలా నేనొక వెబ్‌సైట్ చేసిపెట్టాను. 'ఈ పూట వేట లేదు' అన్న ఎర్ర బటన్ నొక్కితే చాలు, ఊరంతటికీ తెలుస్తుంది.

ఇంటికొక లాగిన్ ఇచ్చాను. పాస్‌వర్డ్, ఓటీపీ, ఆపైన పడవ నంబరు! బయటి దోమ కూడా దూరలేదు. మరి లోపలికి వచ్చినవాళ్లకి? అందరికీ ఒకే పేజీ, ఒకే ఎర్ర బటన్. గంగమ్మ తల్లి ముందు అందరం సమానమే కదా! నవ్వకండి, అప్పట్లో అది నాకు భక్తిలాగే తోచింది.

మూడో రోజు తెల్లవారేసరికి ఫోన్లన్నీ మోగాయి. నీళ్లలోకి దించిన పడవల్ని మావాళ్లు వెనక్కి లాగారు. పక్క పాలెం వాళ్లు రొయ్యల్ని గంపలకెత్తుకుంటుంటే, ఏకాదశి ఉపవాసంనాడు పక్కింటి పెళ్లిభోజనం వాసన పీలుస్తున్నట్టు ఒడ్డున కూర్చున్నారు.

పెద్దకాపు నోట్లో వేపపుల్లతోనే మా వాకిట్లోకి వచ్చాడు. "అమ్మణ్ణీ, నేనింకా మొహం కూడా కడగలా. దురాయి ఎవురేసినారే?"

సైటు తెరిచి చూశాను. "రమణక్క, పెదనాయనా."

ఎదురింటి రమణక్క కొంగు దోపుకుని రానే వచ్చింది. "నేనే నొక్కినా. తడలో మా చెల్లెలి సీమంతం. రమ్మంటే మా ఆయన వేటకి పోవాలన్నాడు. బటన్ కనపడింది, నొక్కినా."

"నువ్వు నొక్కకూడదక్కా!"

"నొక్కకూడంది నాకెందుకు చూపించినావమ్మే? బీరువా బార్లా తీసిపెట్టి, చీర కట్టుకుంటే దొంగంటావా?"

పెద్దకాపు నవ్వలేదు. "రేపు నిజంగా తుఫానొచ్చి వద్దన్నా, ఎవురి పెళ్లామో నొక్కిందిలే అని పోతారు. అప్పుడు మునిగేది మనుషులు తల్లీ."

వచ్చిందెవరో కనుక్కుంటే చాలదని, వాళ్లు ఏం చేయవచ్చో కూడా చెప్పాలని అప్పటికి తెలిసింది. వెంటనే కూర్చుని, బటన్ అందరికీ తీసేసి పెద్దకాపు ఒక్కడికే ఉంచాను. సాయంత్రం ఆయనకి గర్వంగా చూపించాను.

"అంటే నేనొక్కణ్ణి నొక్కితే ఊరంతా ఆగిపోద్దా?"

"ఆగిపోద్ది పెదనాయనా! ఇంకెవరూ ముట్టుకోలేరు."

"ఆ పెత్తనం నాకెవురిచ్చినారే? నలుగురు కాపులం కూర్చుని ఒప్పుకుంటేనే దురాయి. మా తాత కూడా ఒంటరిగా యేసినోడు కాదు. నీకన్నా రమణమ్మే నయం, ఒక్క పూటకే ఊరిని ఏలింది!"

పుట్టి పెరిగి మెట్టిన ఊళ్లో ఎవరి మాట ఎంతవరకో, నేను కంప్యూటరుకి చెప్పానే గానీ ఊరిని అడగలేదు. ఇప్పుడు నలుగురూ నొక్కితేనే కబురు వెళుతుంది. తుఫాను రోజున కాక ఎండకాసిన రోజున నా తప్పు బయటపెట్టినందుకు రమణక్కకి రోజూ దీపం దగ్గర ఒక దండం పెడుతున్నాను.

గంగమ్మ సాక్షిగా ప్రమాణం: ఎవరికి ఏ హక్కుందో అడగకుండా ఈ జన్మలో దేనికీ బటన్ పెట్టను. ఇంట్లోనూ ఇదే చట్టం. ఆవకాయ జాడీ మూత తీయాలంటే మా అత్తగారూ నేనూ ఇద్దరం ఒప్పుకోవాలి. మా ఆయన ఎవరో మాకు బాగా తెలుసు. అందుకే ఆయనకి లాగిన్ ఇచ్చాం, మూత తీసే హక్కు మాత్రం ఇవ్వలేదు.